వార్తల్లో పదం: ఫైనాన్షియల్ క్రెడిటర్

దివాలా కోర్టుల్లో తిరిగే ఈ మాటను సామాన్యుడి నోటికి ఎక్కించింది నోయిడా. 2017 ఆగస్టు 9న ఐడీబీఐ బ్యాంకు పిటిషన్‌పై అక్కడి బిల్డర్ జేపీ ఇన్‌ఫ్రాటెక్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ కంపెనీలో ఫ్లాట్లు బుక్ చేసుకున్న వేలాది కుటుంబాలకు మాత్రం, కంపెనీ భవితవ్యం తేల్చే రుణదాతల కమిటీలో ఓటు లేదు.

2016 దివాలా చట్టం ప్రకారం ఆ ఓటు ఫైనాన్షియల్ క్రెడిటర్‌ది, అంటే డబ్బిచ్చి, గడిచే కాలానికి ప్రతిఫలం ఆశించేవాడిది. సరుకో సేవో అందించి బిల్లు కోసం తిరిగేవాడు ఆపరేషనల్ క్రెడిటర్. మరి ఫ్లాటు కొన్నవాళ్లు ఏ లెక్కలోకొస్తారు?

డబ్బుకు కాలంతో పాటు విలువ మారుతుంది. రూ.40 లక్షలు బిల్డర్ దగ్గర ఏడాది ఇరుక్కుంటే, 8 శాతం లెక్కన పోయేది రూ.3.2 లక్షలు. పైగా ఇటు ఈఎంఐ, అటు అద్దె. బిల్డర్‌కేమో వడ్డీ లేని పెట్టుబడి! అప్పిచ్చిన బ్యాంకుకున్న హోదా వీళ్లకెందుకు ఉండకూడదు?

2018 జూన్‌లో వచ్చిన ఆర్డినెన్స్ ఆ హోదా ఇచ్చింది. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత ఓ మెలిక పెట్టారు: ఒక్కరే కేసు వేయడానికి లేదు. ఒకే ప్రాజెక్టులో 100 మంది లేదా 10 శాతం, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. పక్క ఫ్లాటు వాళ్లెవరో తెలియని నగరంలో ఇదేమంత తేలిక కాదు.

కంపెనీని అమ్మేసి పంచే పరిస్థితే వస్తే, తాకట్టు ఉన్న బ్యాంకుల తర్వాతే కొనుగోలుదారుల వంతు. జేపీలో అంతదాకా రాలేదు. కంపెనీని చేపట్టేందుకు సురక్షా గ్రూపు ఇచ్చిన ప్రణాళికకు 2023 మార్చిలో దివాలా ట్రైబ్యునల్ ఆమోదం దొరికింది.