కంప్యూటరులోని గడియారము

లీలావతి వివాహముహూర్తమును దెలిసికొనుటకై భాస్కరాచార్యులు నీటిలో ఘటికాపాత్ర నుంచిరనియు, ఆ బాలిక వంగి చూచుచుండగా నగలోని ముత్య మొకటి జారి పాత్ర యడుగునగల రంధ్రమున కడ్డుపడుటచే ముహూర్తము దాటిపోయెననియు నొక కథ మనలో వ్యాపించి యున్నది. కథలో నిజ మెంతయున్నను, అందు కాలము తప్పలేదు. కాలమును జెప్పు పాత్ర తప్పినది. ఇట్టి ముత్యములు నేటి కంప్యూటరులలోను జిక్కుకొనుచుండును.

విద్యుత్తు నాపివేసినను కంప్యూటరులో నొక చిన్న గడియారము నడచుచునే యుండును. రూపాయిబిళ్లవంటి బ్యాటరీ దానికి ప్రాణము. అందలి స్ఫటికపు తునక సెకనునకు 32,768 మారులు కంపించును. ఆ సంఖ్యను పదునైదు మారులు సగము చేసిన నొకటి మిగులును, అదియే సెకను. 1984లో ఐ.బి.ఎం. వారు తమ పి.సి. ఏ.టి. యంత్రమున మోటరోలావారి గడియారపు చిప్పును వాడిరి. ఆ పద్ధతియే నేటికిని పెక్కు యంత్రములలో నిలిచియున్నది.

కంప్యూటరు పనులనన్నిటిని నడిపించు ప్రోగ్రామునకు కెర్నెలని పేరు. అది యింటి యజమానురాలివంటిది. గడియారమును జదివి యామెకు విన్నవించు భాగము డ్రైవరు. విన్నపములో పొరపాటు వచ్చెనా, యిల్లంతయు దారితప్పును.

మొదటి పొరపాటు లెక్కలోనిది. చిప్పు పదుల యంకెను, ఒకట్ల యంకెను వేరువేరు గదులలో దాచును. కంప్యూటరు లెక్కలో మొదటి గది విలువ పది కాదు, పదునారు. డ్రైవరు దానిని మార్చుకొనకున్న 25 నిమిషములు 37 నిమిషము లగును.

రెండవది యింతకంటె సూక్ష్మమైనది. గడియారము సెకనున కొకమారు తన యంకెలను దిద్దుకొనును. పది గంటల 59 నిమిషముల 59 సెకనులప్పుడు డ్రైవరు ముందుగా సెకనులను జదివి 59 అని గ్రహించె ననుకొనుడు. ఇంతలో నంకెలు మారును. పిమ్మట నిమిషములు సున్న, గంటలు పదునొకండు అని చదువును. అప్పుడే పదునొకండు కొట్టగా, 11 గంటల 59 సెకనులైనదని కెర్నెలునకు జెప్పును. పాత ముగ్గు సగము, క్రొత్త ముగ్గు సగము కలిపి చూచినట్లుండును.

దిద్దుకొనుటకు ముందు చిప్పు ఒక హెచ్చరిక గుర్తు నిలుపును. గుర్తు లేనిచో సెకనులో పదిలక్షవ వంతులు 244 అయినను వ్యవధి కలదని యర్థము. నడుమ మరియొక పని యడ్డువచ్చిన నా వ్యవధి చాలదు. కావున 2020 డిసెంబరులో లినక్సు కెర్నెలునకు సవరణ వ్రాసిరి: చదువుటకు ముందును, చదివిన పిదపను గుర్తును జూచి, మార్పు సంభవించియుండిన నా పఠనమును విడిచి మరల చదువవలెను.

ఇది మనకేల యందురా, సోదరీమణులారా? తేదీ తప్పిన యంత్రము సురక్షితములైన వెబ్ సైటులను నమ్మదు. బిడ్డ పరీక్ష దరఖాస్తు గడువునాడు పంపలేకపోవుట సంభవించును. అప్పుడు ‘నీవే పాడుచేసితివి’ అను మాట సాధారణముగా నింటిలోని స్త్రీమీదనే పడును. ఆపియుంచినప్పుడెల్ల తేదీ వెనుకకు బోవుచున్న ముందుగా బ్యాటరీని మార్పించుడు. బ్యాటరీ మంచిదైనను తప్పుచున్న కెర్నెలునకు క్రొత్త సవరణలను దెచ్చుకొనుడు.

లీలావతి తప్పేమియు లేదు. మన బాలికలకు పాత్రలోనికి వంగి చూడవలదని చెప్పక, ముత్యమును వెలికిదీయు విద్యను నేర్పుదము.