పాడిపశువుకు పరుపు

జన్వాడ పరిసరాల్లో కొట్టాన్ని షాబాదు బండతో గాని, సిమెంటుతో గాని గచ్చు చేస్తే కడగటం సులువే. కాని పశువుకు మోకాళ్ళు ఒరుసుకుంటాయి. పాలిచ్చే ఆవు రోజుకు సుమారు 12 గంటలు పడుకోవాలి. పడుకున్నపుడే పొదుగుకు రక్తం ఎక్కువగా చేరుతుంది.

రబ్బరు పరుపు కొనదలచిన సభ్యులు మందం ఒక్కటే చూడరాదని మా సూచన. దుకాణంలోనే దానిపై మోకాళ్ళు ఊని చూడండి. మీకు నొస్తే పశువుకూ నొస్తుంది. పైభాగం జారకుండా గరుకుగా, అడుగున నీరు పోయే గాళ్ళతో ఉండవలెను. వంచితే పగిలేది వద్దు.

అంత సొమ్ము లేనివారికి ఎండు వరిగడ్డి చాలును. ఏదైనా తడిగా ఉంచితే పొదుగువాపునకు దారి. పాలు పితికాక మేత వేసి, చనురంధ్రాలు మూసుకునేలా అరగంట నిలబెట్టండి.

పరుపు ఖర్చు ఒకసారిదే. పొదుగు చెడితే నష్టం ఈతంతా.