సైబరాబాదులో సైకిలు దారి ఎంపిక - అచ్చు పటం, ఉపగ్రహ మార్గదర్శి

హైదరాబాదు నగరానికి పడమర వైపున ఉన్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాలలో సైకిలుపై తిరిగేవారు దారిని నిర్ణయించుకోవడానికి రెండు సాధనాలను వాడతారు. ఒకటి అచ్చు పటం. రెండవది ఉపగ్రహ సంకేతాల ఆధారంగా దారి చూపే పరికరం లేదా ఫోను. రెండవదాన్ని వాడుకలో జీపీఎస్ అంటారు. నిజానికి జీపీఎస్ అనేది అమెరికా వారి ఉపగ్రహ వ్యవస్థ పేరు. రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, మన దేశపు నావిక్ కూడా అటువంటివే. ఉపగ్రహాల సంకేతాలతో పరికరం తానెక్కడున్నదో మాత్రమే తెలుసుకోగలదు. ఎటు వెళ్ళాలో చెప్పేది అందులో నిక్షిప్తమైన పటం, దానిపై వేసిన లెక్క. దారి చూపడంలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ రెండవ దశలోనే జరుగుతాయి.

నేల స్వరూపం

ఈ ప్రాంతం దక్కను పీఠభూమిపై గ్రానైటు గుట్టల మధ్య ఉన్నది. హైదరాబాదు సముద్రమట్టానికి సగటున సుమారు 540 మీటర్ల ఎత్తున ఉండగా, బంజారాహిల్స్‌లో నేల 670 మీటర్ల వరకు లేస్తుంది. కారులో వెళ్ళేవారు గమనించని ఎత్తుపల్లాలు సైకిలు తొక్కేవారి మోకాళ్ళకు వెంటనే తెలుస్తాయి. కనుక సైకిలుకు దగ్గరి దారి అన్నివేళలా మంచి దారి కాదు.

అచ్చు పటం

1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా సంస్థ తయారుచేసే 1:50,000 స్కేలు పటాలలో 2 సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరుకు సమానం. పాత సంఖ్యల ప్రకారం హైటెక్ సిటీ ప్రాంతం 56 కె/7 అనే షీటులో వస్తుంది. ఈ పటాలలో గోధుమ రంగులో ఉండే గీతలను కాంటూరు రేఖలు అంటారు. ఒక రేఖ వెంబడి ఉన్న చోట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. రేఖకూ రేఖకూ ఎత్తులో తేడా సాధారణంగా 20 మీటర్లు. దారి వెంబడి రెండు రేఖల మధ్య దూరం పటంలో 1 సెంటీమీటరు ఉంటే, 500 మీటర్లలో 20 మీటర్లు ఎక్కాలన్నమాట. అంటే నూటికి 4 వంతుల వాలు. అదే 4 మిల్లీమీటర్లయితే నూటికి 10 వంతులు. అలవాటు లేనివారు అక్కడ సైకిలు దిగి నడిపించుకోక తప్పదు. ఈ లెక్కకు స్కేలుబద్ద చాలు.

ఒకప్పుడు ఈ పటాలలో చాలా భాగం సామాన్యులకు సులభంగా దొరికేవి కావు. 2005 నాటి జాతీయ పటాల విధానం రక్షణ అవసరాలకు ఒక వరుసను, పౌరులకు మరొక వరుసను ఏర్పరచింది. 2017లో పౌరుల వరుసను అంతర్జాలం నుండి ఉచితంగా దింపుకునే వీలు కలిగింది.

గుట్టలు, చెరువులు, వాగుల విషయంలో ఇంత నమ్మదగిన ఈ పటాలు రోడ్ల విషయంలో వెనుకబడతాయి. సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. మైండ్‌స్పేస్ అండర్‌పాస్, ఫ్లైఓవరు 2018లో, దుర్గం చెరువు తీగల వంతెన 2020లో, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవరు 2022లో, కొత్తగూడ ఫ్లైఓవరు 2023లో వచ్చాయి. ఏ అచ్చు పటమూ ఈ వేగాన్ని అందుకోలేదు.

ఉపగ్రహ మార్గదర్శి

2000 మే వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే మసకబరచేది. అది తొలగిన తరువాతనే ఈ పరికరాలు వీధులలో పనికివచ్చాయి. ఆరుబయట మామూలు ఫోను సుమారు 5 మీటర్ల తేడాతో స్థానాన్ని చూపగలదు. అద్దాల భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి చుట్టుతిరిగి రావడం వలన ఈ తేడా పెరుగుతుంది.

అసలు చిక్కు ఫ్లైఓవర్ల వద్ద ఉన్నది. ఎత్తును కొలవడంలో ఉపగ్రహ పద్ధతికి పొరపాటు ఇంకా ఎక్కువ. అందువలన ఒకదానిపై ఒకటి దారులున్న బయోడైవర్సిటీ కూడలి వంటి చోట ప్రయాణికుడు పైనున్నాడా, కిందనున్నాడా అన్నది పరికరం పోల్చుకోలేకపోవచ్చు. పొరపాటున ఫ్లైఓవరు ఎక్కిన సైకిలుకు మధ్యలో దిగే దారి ఉండదు. వేగంగా వచ్చే కార్ల నడుమ చివరిదాకా పోవలసిందే.

మరొక సంగతి, ఈ లెక్కలు ప్రధానంగా మోటారు వాహనాలను దృష్టిలో ఉంచుకొని చేసినవి. 2017 డిసెంబరులో గూగుల్ మ్యాప్స్ భారతదేశంలో ద్విచక్రవాహన పద్ధతిని ప్రవేశపెట్టింది. అది మోటారు సైకిలు కోసం ఉద్దేశించినది. దానికి ఎత్తు ఎక్కడం కష్టం కాదు, కిలోమీటరు దూరం పోయి యూటర్ను తీసుకోవడమూ కష్టం కాదు. ఫోనును కారు పద్ధతిలోనే వదిలేస్తే బాహ్య వలయ రహదారి ప్రధాన మార్గంపైకి దారి చూపవచ్చు. అక్కడ ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు. సైకిలు పక్కనున్న సర్వీసు రోడ్డుపైనే పోవాలి.

2004లో బ్రిటనులో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను స్వచ్ఛంద కార్యకర్తలు నింపుతారు. దాని ఆధారంగా కాంటూరు రేఖలతో కూడిన సైకిలు పటాలు కూడా తయారయ్యాయి. అటువంటి పటాలలో ఎత్తుల వివరాలు తరచుగా 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక ఎండీవర్ నుండి చేసిన రాడారు సర్వేకు చెందినవి. కనుక ఆ తరువాత పగులగొట్టి చదును చేసిన గుట్టలు వాటిలో ఇంకా నిలిచే ఉంటాయి.

ఇంత చిక్కు ఉన్న ఈ నగరమే పటాల తయారీకి పెద్ద కేంద్రం కావడం విశేషం. 2009లో భువన్ పటాలను వెలువరించిన జాతీయ దూర సంవేదన కేంద్రం బాలానగరులో ఉన్నది. ఆపిల్ సంస్థ తన పటాల అభివృద్ధి కార్యాలయాన్ని 2016 మేలో నానక్‌రాంగూడలో ప్రారంభించింది.

ఒక ఉదాహరణ

సైబర్ టవర్స్ నుండి గండిపేటకు పోవాలనుకుందాం. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, అంటే సుమారు 546 మీటర్లు. సైబర్ టవర్స్ ప్రాంతం అంతకంటే ఎత్తున ఉన్నది. కాబట్టి మొత్తం మీద పోయేటప్పుడు దిగుడు, అలసిపోయి తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు. మలుపులు చెబుతూ పోయే ఫోను ఈ సంగతిని ముందుగా మనసుకు ఎక్కించదు. కాంటూరు పటం చూసినవారికి బయలుదేరకముందే తెలుస్తుంది. నీరు, విశ్రాంతి ఎక్కడ అవసరమో అప్పుడే నిర్ణయించుకోవచ్చు. గచ్చిబౌలి, నానక్‌రాంగూడల వద్ద ఏ పాయ పట్టుకోవాలన్నది మాత్రం ఫోనునే అడగాలి. అయితే కూడలికి ముందే ఆగి తెరను పెద్దది చేసి చూసుకోవడం మంచిది.

2023 అక్టోబరు 1న బాహ్య వలయ రహదారి వెంబడి సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైనది. ఇందులో నానక్‌రాంగూడ నుండి పోలీసు అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుండి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు ఉన్నాయి. అంతకుముందు అచ్చయిన పటాలలో ఇది కనిపించదు. పాత షీటును వాడేవారు దీనిని పెన్సిలుతో గీసుకోవాలి. వానాకాలంలో తడిసిన తెరపై వేలి స్పర్శ సరిగా పనిచేయదు, తడిసిన కాగితం చిరుగుతుంది. రెండింటికీ ప్లాస్టిక్ సంచి అవసరమే.