బిడ్డ పుట్టే ముందు ఇంటి లెక్క

ఇంట్లో కాన్పు ఉందంటే ముందుగా రెండు లెక్కలు రాసుకోవాలి: ప్రభుత్వం భరించేవి, మన జేబులోంచి పోయేవి.

ప్రభుత్వ ఆసుపత్రిలో, మన బరంపురం ఎం.కె.సి.జి.లో కూడా, కాన్పు ఉచితం. సిజేరియన్ అయినా అంతే. మందులు, పరీక్షలు, తల్లికి భోజనం, రానూపోనూ బండి కూడా 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితమే. బిడ్డ టీకాలకు డబ్బు కట్టక్కర్లేదు. 21 రోజుల లోపు నమోదు చేయిస్తే జనన నమోదుకూ రుసుము లేదు.

జననీ సురక్షా యోజనలో పల్లె తల్లికి 1,400, పట్టణ తల్లికి 1,000 రూపాయలు ఇస్తారు. ఒడిశా ‘మమత’ సాయం మాత్రం తనిఖీలు, టీకాలు అయ్యాకే విడతలుగా ఖాతాలో పడుతుంది. అందుకే దాన్ని నమ్ముకుని ముందే అప్పు చేయకండి. గర్భం అని తెలియగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి, తల్లీబిడ్డల కార్డు భద్రంగా ఉంచండి.

మిగిలేవి మన ఖర్చులు: తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి, బట్టలు, బారసాల. నెలకు 500 చొప్పున ఎనిమిది నెలలు దాస్తే 4,000 చేతిలో ఉంటుంది. ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు. డాక్టరు చెబితే తప్ప పాలడబ్బా వద్దు. బారసాల చిన్నగా చేసినా బిడ్డకు పేరు పెట్టినట్టే.

పిల్లలూ, ఈ లెక్క అమ్మానాన్నలతో కూర్చుని మీరే రాయండి.