చుక్కలు వేశాక మళ్ళీ సూది ఎందుకు?

మా టీకాల గదిలో తల్లులు తరచు అడిగే ప్రశ్న ఇది: "పోలియో చుక్కలు వేశారు కదమ్మా, మళ్ళీ సూదులెందుకు? పోయినసారి తొడ మీద గడ్డ కట్టి బిడ్డ రాత్రంతా ఏడ్చాడు." ఈ భయంతో కొందరు తర్వాతి మోతాదుకు రావడమే మానేస్తున్నారు. అందుకే ఈ సంగతి వివరిస్తున్నాము.

నోరు, ముక్కు, పేగుల లోపల తడిగా ఉండే పలుచని పొరను శ్లేష్మపొర అంటారు. ఎన్నో రోగక్రిములు ఒంట్లోకి వచ్చే వాకిలి ఇదే. ఇక్కడ ఐజిఎ అనే ప్రతిరక్షకాలు కాపలా ఉంటాయి. పోలియో, రోటా వైరస్ చుక్కల్లోని బలహీనపరచిన వైరస్ పేగుల్లో పెరిగి ఆ కాపలాను సిద్ధం చేస్తుంది. పోలియో సూది ముఖ్యంగా రక్తంలో ప్రతిరక్షకాలను పెంచి, వైరస్ నరాలకు చేరకుండా ఆపుతుంది. చుక్కలది వాకిటి కాపలా, సూదిది ఇంటిలోపలి కాపలా. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ముందే చుక్కలు తీసుకున్న పిల్లలకు ఒక పోలియో సూది వేస్తే పేగుల్లోని రక్షణ కూడా పెరిగినట్లు తేలింది.

మరి తొడ మీద గడ్డ? అది సాధారణంగా అదే రోజు వేసే పెంటావాలెంట్ టీకా వల్ల వస్తుంది. అందులో బ్రతికున్న క్రిములు ఉండవు. కాబట్టి శరీరం గట్టిగా స్పందించడానికి అల్యూమినియం లవణాన్ని కొద్దిగా కలుపుతారు. దీన్ని అడ్జువెంట్, అంటే సహాయక పదార్థం అంటారు. 1926లో ఇంగ్లండులో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త, మనం నీళ్ళు తేర్చడానికి వాడే పటికతోనే ఈ గుణాన్ని కనుగొన్నారు. సూది వేసిన చోటికి రక్షక కణాలు చేరడం వల్లనే వాపు, నొప్పి కలుగుతాయి. ఈ లవణాలు శ్లేష్మపొరలో ఐజిఎను పెద్దగా పెంచలేవు. ఆ పని చేయగల సహాయక పదార్థాల కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

వాపు మీద చల్లని తడిగుడ్డ వేయండి. రుద్దకండి, కాపడం పెట్టకండి. వాపు రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలున్నా భయం లేదు. జ్వరం తీవ్రమైనా, ఫిట్స్ వచ్చినా, బిడ్డ మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

6, 10, 14 వారాల మోతాదులలో ఏదీ వదలకండి. తేదీ దాటిపోయినా సరే, టీకా కార్డుతో రండి. మిగిలినవి అక్కడి నుండే కొనసాగిస్తాము.