గోలెంలో పెరిగే దోమ

నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో నీళ్లు దాచుకోవడం తాతల కాలం నాటి అలవాటు. కరువు నేర్పిన జాగ్రత్త అది. ఇప్పుడు ఇంటికి నల్లా వచ్చినా వాకిట్లో సిమెంటు గోలెం, బాత్రూం పక్కన ప్లాస్టిక్ డ్రమ్ము అలాగే ఉన్నాయి. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చే ఏడిస్ దోమకు కావలసిందీ ఆ నిలవ నీళ్లే.

మురుగుకాల్వ మీద మందు చల్లితే చాలనుకునేవాళ్లు ఎక్కువ. కానీ కాళ్ల మీద తెల్లచారలుండే ఈ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా శుభ్రమైన నీటిలో, కుట్టేది పగటిపూట. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టాల్సిందే.

గుడ్లు గోలెం లోపలి గోడకు, నీటిమట్టానికి కాస్త పైన అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినంత మాత్రాన చావవు. ఎండినా నెలల తరబడి ఉండి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే కొబ్బరిపీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆరోగ్య సిబ్బంది ప్రతి శుక్రవారం నిలవ నీళ్లు పారబోసి ఆరబెట్టే ‘డ్రైడే’ అంటూ వెంటపడేది ఆ లెక్కతోనే. కూలర్, ఫ్రిజ్ వెనకాల ట్రే, డాబా మీది పాత టైరు మాత్రం ఎవరికీ గుర్తుండవు!

ఏడిస్‌లా కాక, నల్లగొండకు పాత బెడదైన బోదకాలును మోసే క్యూలెక్స్ దోమది మురికినీటి కాపురం. దాన్ని ఆపాలంటే సెప్టిక్ ట్యాంకు గొట్టానికి జాలీ కట్టాలి.

జ్వరమొస్తే రక్తపరీక్ష చేయించాలి. డెంగీ అనుమానముంటే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ముట్టకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గుతున్న వేళ కడుపునొప్పి, ఆగని వాంతులు మొదలైతే వెంటనే ఆసుపత్రికి పోవాలి.