పౌరుషముగల పురుషుడు ఎవరు?



మన ప్రాంతంలో మగవాణ్ణి రెచ్చగొట్టడానికి ఒక్క మాట చాలు: "నీకు పౌరుషం లేదా?" ఈ మాట విని, వద్దనుకున్న గ్లాసు మళ్ళీ ఎత్తినవారున్నారు. తీర్చలేని అప్పు చేసి ఇంట్లో పెళ్ళి ఘనంగా జరిపినవారున్నారు. ఒక్క మాట తూలినందుకు తోడబుట్టినవాడితో ఏళ్ళ తరబడి పలకనివారున్నారు. నలుగురిలో ఎదురు మాట్లాడిందని భార్య మీద చెయ్యి చేసుకున్నవారూ ఉన్నారు. మనం దుఃఖపడవలసిన సంగతి ఏమిటంటే, వీరిలో కొందరు ఆదివారం మన పక్కనే కూర్చుని కీర్తనలు పాడుతున్నారు.

పౌరుషం అనే మాట మన తెలుగు బైబిలులోనూ ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ముగింపులో అపొస్తలుడైన పౌలు మెలకువగా ఉండమని, విశ్వాసంలో నిలుకడగా ఉండమని, పౌరుషం గలవారై ఉండమని, బలవంతులై ఉండమని వరుసగా ఆజ్ఞాపిస్తాడు. వెంటనే, చేసే కార్యాలన్నీ ప్రేమతో చేయాలని చెబుతాడు (1 కొరింథీ 16:13-14). మొదటి నాలుగు ఆజ్ఞలు యుద్ధానికి వెళ్ళే సైనికులకు చెప్పినట్టు ఉంటాయి. అయిదవది వాటన్నిటికీ హద్దు గీస్తుంది. మనలో చాలామంది నాలుగు దగ్గరే ఆగిపోతున్నాం.

ఈ ఆజ్ఞ స్త్రీలతో సహా సంఘమంతటికీ ఇవ్వబడింది. అయినా గ్రీకు మూలంలో పౌలు వాడిన మాట "పురుషుడు" అనే మాటలోనుంచే పుట్టింది. కాబట్టి పురుషులమైన మనం దాన్ని దాటిపోలేం. ఇంకొకటి గమనించండి. కొరింథు మన విశాఖ లాగే ఓడరేవు పట్టణం. దానికి పడమట ఒక రేవు, తూర్పున కెంక్రేయ రేవు ఉండేవి. నావికులు, వర్తకులు, కూలీలు, డబ్బు, మద్యం, అన్నీ అక్కడ ఉన్నాయి. అక్కడి సంఘంలో సహోదరులు ఒకరిమీద ఒకరు న్యాయస్థానానికి ఎక్కారు. ప్రభువు బల్ల దగ్గరికే కొందరు మత్తులో వచ్చారు. అలాంటి పురుషులకే పౌలు ఈ మాట రాశాడు. దేవుని వాక్యం చెప్పే పౌరుషంలో ఏ గుణాలున్నాయో చూద్దాం.

నిలుకడ

విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఇద్దరు వచ్చారు. వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్. తెలుగు అక్షరాలు దిద్దుకుని, భాష నేర్చుకుని, సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై అనువాదంలో సాయపడ్డాడు. 1809లో క్రాన్ చనిపోయాడు. ఆ మరుసటి ఏడు, 1810లో డెస్ గ్రాంజెస్ కూడా చనిపోయాడు. వారు మొదలుపెట్టిన పనిలోనుంచి మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని వారిద్దరూ చేత్తో పట్టుకుని చూడలేదు. వారి వెనుక విశాఖకు వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ తెలుగు కొత్త నిబంధనను ముగించగా అది 1818లో మద్రాసులో అచ్చయింది.

ఈనాడు మనం చదువుకునే తెలుగు వాక్యం వెనుక అయిదేళ్ళు కూడా నిండని అలాంటి సేవ ఉంది. ఫలితం కనబడకపోయినా రోజూ కూర్చుని పని చేయడమే నిలుకడ. ఒక్క రాత్రి కూడికలో ఉద్రేకపడి చేతులెత్తడం సులభం. పిల్లవాడు దారి తప్పినా, ఉద్యోగం ఊగిసలాడినా, కంటికి జవాబు కనబడకపోయినా, పదేళ్ళ పాటు తెల్లవారుజామున అదే మోకాళ్ళ మీద నిలబడినవాడే పౌరుషవంతుడు. 2021 నుంచి మన ఉక్కు కర్మాగారం ప్రైవేటుపరం అవుతుందేమోనన్న దిగులుతో జీవించిన కుటుంబాలకు ఈ నిలుకడ ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు.

ఆశానిగ్రహం

తన మనస్సును అణచుకునేవాడు పట్టణాన్ని జయించినవాడికంటె గొప్పవాడని సామెతలు 16:32 చెబుతుంది. అణచుకోలేనివాణ్ణి ప్రాకారం కూలిన పట్టణంతో పోలుస్తుంది సామెతలు 25:28. భీమిలి వాసులకు ఈ పోలిక బాగా అర్థమవుతుంది. ఒకప్పుడు డచ్చివారు ఇక్కడ వర్తకం చేసి, కోట కట్టుకుని వెలిగారు. ఈనాడు వారి గుర్తుగా మనం చూపించేది సమాధుల తోట. గోడ పడిపోయిన చోట శత్రువు తలుపు తట్టనక్కరలేదు.

ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో మర పడవల వేట నిషేధం. సముద్రం మీద గాలికీ అలకూ భయపడని మనిషికి అసలైన పరీక్ష ఆ రెండు నెలలు ఒడ్డునే వస్తుంది. చేతిలో పని ఉండదు, జేబులో డబ్బు తగ్గుతుంది, స్నేహితులు పిలుస్తారు. పొద్దున్నే మద్యం దుకాణం ముందు నిలబడేది కొందరైతే, ఫోనులో పందాలు కాసి ఇల్లాలి చెవిదిద్దులు తాకట్టు పెట్టేది మరికొందరు. పోతీఫరు ఇంట్లో యోసేపు శోధనతో వాదించలేదు. వస్త్రం వదిలేసి పారిపోయాడు (ఆదికాండము 39:12). లోకం దాన్ని పిరికితనం అనవచ్చు. దేవుడు దాన్ని నీతి అన్నాడు. "నేను తాగను" అని పదిమందిలో చెప్పడానికి గ్లాసు ఎత్తడంకంటె ఎక్కువ ధైర్యం కావాలి.

యథార్థత

దానియేలు శత్రువులు అతని ఉద్యోగంలో తప్పు వెదికారు. రాజ్య వ్యవహారాలలో అతనిమీద ఏ లోపమూ దొరకలేదు (దానియేలు 6:4). అతని ప్రార్థన జీవితం గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అతని లెక్కల పుస్తకం గురించి ఎన్ని విన్నాం?

రేవులో సరుకు లెక్కపెట్టే సహోదరుడికి, చేపల వేలంలో కాటా పట్టుకునే సహోదరుడికి, సి షిఫ్టులో ఎవరూ చూడని వేళ యంత్రం దగ్గర నిలబడే సహోదరుడికి ఇది వర్తిస్తుంది. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11:1 చెబుతుంది. కలాసీలకు రావలసిన వాటా తగ్గించి, ఆ డబ్బులోనుంచి దశమభాగం తెచ్చి కానుకల పెట్టెలో వేస్తే దేవుడు సంతోషిస్తాడా? పనివారి కూలి బిగబట్టితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 5:4). జీతం రోజున ఇంటి బల్ల మీద పూర్తి జీతం పెట్టడం కూడా యథార్థతే. భార్యకు తెలియని అప్పు, భార్యకు తెలియని ఫోను నంబరు ఉన్న చోట యథార్థత లేదు.

సాత్వికం

సాత్వికం అంటే చేతకానితనం అనుకుంటారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారిని అడగండి. బ్లాస్ట్ ఫర్నేస్‌లోనుంచి వచ్చే ద్రవ ఇనుములో సుమారు 4 శాతం కర్బనం ఉంటుంది. దాన్ని అలాగే పోత పోస్తే గట్టిగానే ఉంటుంది గానీ దెబ్బ తగిలితే పగిలిపోతుంది. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది ఆ కర్బనాన్ని మండించి తీసేస్తే అది ఉక్కు అవుతుంది. అప్పుడు వంగుతుంది, బరువు మోస్తుంది, తేలికగా విరగదు. మాట పడగానే పగిలిపోయే మగవాడు ఇంకా పోత ఇనుమే. ఆత్మ చేత మెత్తబడినవాడు ఉక్కు.

మరియ భర్తయైన యోసేపును చూడండి. తనకు ప్రధానం చేయబడిన కన్య గర్భవతి అని తెలిసింది. పౌరుషం దెబ్బతినడానికి ఇంతకంటె పెద్ద కారణం ఏముంటుంది? దూత ఇంకా కలలో కనబడలేదు, సంగతి ఇంకా విప్పి చెప్పలేదు. అప్పుడు కూడా ఆమెను నలుగురిలో అవమానపరచకూడదనే అతడు ఆలోచించాడు. అందుకే లేఖనం అతణ్ణి నీతిమంతుడని పిలిచింది (మత్తయి 1:19). సువార్తలలో యోసేపు పలికిన మాట ఒక్కటి కూడా రాయబడలేదు. అతడు చేసిన పనులు మాత్రం రాయబడ్డాయి: మరియను చేర్చుకున్నాడు, రాత్రివేళ లేచి తల్లినీ బిడ్డనూ ఐగుప్తుకు తీసుకువెళ్ళి కాపాడాడు.

ఇక్కడ సంఘ పెద్దలతో ఒక మాట. అధ్యక్షుడిగా ఉండగోరేవాడు మద్యపానిగాను, కొట్టేవాడిగాను ఉండకూడదని, తన ఇంటిని బాగుగా ఏలాలని 1 తిమోతి 3వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. భార్యను కొట్టేవాడి చేత బల్ల దగ్గర రొట్టె పంచిపెట్టించడం వాక్యానికి వ్యతిరేకం. గాయాలతో వచ్చిన సహోదరిని "సర్దుకుపో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని అదే ఇంటికి తిరిగి పంపడం కాపరి చేసే పని కాదు. ముందు ఆమెకు భద్రత చూపించాలి, ఆ తరువాత అతణ్ణి ఎదుర్కొని గద్దించాలి. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005 నుంచి ఈ దేశంలో ఉంది. 181 నంబరుకు ఫోను చేసిన సహోదరి సంఘం పరువు తీసినట్టు కాదు. ఆ పరువు చెయ్యి ఎత్తిననాడే పోయింది.

బొగ్గుల మంట దగ్గర పేతురు

భీమిలిలోని పాత దేవాలయానికి పరిశుద్ధ పేతురు పేరు పెట్టారు. వల వేసి బతికిన మనిషి పేరు వలలు ఆరవేసుకునే ఊళ్ళోని గుడికి తగినదే. సువార్తలలో పేతురు కంటె పౌరుషం గలవాడు కనబడడు. అందరూ విడిచినా నేను విడవనన్నాడు. గెత్సేమనేలో కత్తి దూసి ఒకడి చెవి తెగనరికాడు. కొన్ని గంటలలోనే ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు భయపడి ప్రభువును ఎరుగనన్నాడు. కత్తి పట్టిన పౌరుషం చలి కాచుకునే బొగ్గుల మంట దగ్గర తెల్లవారకముందే ఆరిపోయింది.

తరువాత యోహాను 21వ అధ్యాయంలో మరొక బొగ్గుల మంట ఉంది. రాత్రంతా వేటాడి ఏమీ దొరకక అలసిపోయిన జాలరులకు ఉదయాన ఒడ్డున చేపలూ రొట్టే సిద్ధంగా కనబడ్డాయి. సిద్ధం చేసినవాడు మరణాన్ని జయించిన ప్రభువు. వంట చేయడం, వడ్డించడం ఆయనకు చిన్నతనం కాలేదు. కత్తి గురించి, ప్రగల్భాల గురించి పేతురును ఆయన నిలదీయలేదు. "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగి, తన గొర్రెలను అతనికి అప్పగించాడు.

ఆ పేతురే వృద్ధాప్యంలో భర్తలకు రాశాడు: జ్ఞానంతో కాపురం చేయండి, నిత్యజీవంలో ఆమె మీతో సమానంగా పాలుపొందేది గనుక సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకే ఆటంకం (1 పేతురు 3:7). ఇది పెళ్ళి ఎరుగనివాడి సలహా కాదు. పేతురుకు అత్త ఉంది, సేవకు వెళ్ళినప్పుడు భార్యను వెంట తీసుకువెళ్ళేవాడు. మన ప్రార్థనలు ఎందుకు నెరవేరడం లేదని ఉపవాసాలుండి అడుగుతున్నాం. కొన్నిటికి జవాబు మన వంటింట్లోనే ఉండవచ్చు.

ఈ వారం ఏం చేయాలి?

ఒకటి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, "నా వల్ల నీకు దేనికి భయం వేస్తోంది?" అని అడగండి. ఆమె చెబుతున్నంతసేపు అడ్డు రాకండి. రెండు, పిల్లలకు కోపం పుట్టించకుండా పెంచమని ఎఫెసీ 6:4 చెబుతోంది గనుక, వారి విషయంలో తప్పు చేసి ఉంటే వారినే క్షమాపణ అడగండి. తండ్రి క్షమాపణ అడగడం చూసిన కొడుకు పౌరుషానికి కొత్త అర్థం నేర్చుకుంటాడు. మూడు, తాగుడో పందెమో దాచిన అప్పో మిమ్మల్ని పట్టి ఉంటే సంఘంలో నమ్మదగిన ఒక సహోదరుడికి ఆ మాట చెప్పండి. ఇనుము ఇనుమును పదును చేసినట్టు స్నేహితుడు స్నేహితుణ్ణి పదును చేస్తాడని వాక్యం సెలవిస్తోంది (సామెతలు 27:17). ఒంటరిగా ఉన్న ఇనుము తుప్పు పడుతుంది.

ఇక "నీకు పౌరుషం లేదా?" అని ఎవరైనా అడిగితే తలవంచుకోనక్కరలేదు. "ఉంది, ప్రభువు నేర్పినది ఉంది" అని చెప్పి ఇంటికి నడవండి.

మెలకువను, నిలుకడను, ప్రేమతో కూడిన పౌరుషాన్ని ప్రభువు మన ఇళ్ళలోని పురుషులందరికీ అనుగ్రహించును గాక. ఆమేన్.